పట్టభద్రులకు త్వరిత నర్సింగు డిగ్రీ: అమెరికా పద్ధతి, మన వైపు స్థితి

ఏదో ఒక విషయంలో ఇదివరకే డిగ్రీ పొందినవారు, తిరిగి నాలుగు సంవత్సరాలు చదవనవసరం లేకుండా, 11 మొదలు 18 నెలల లోపల నర్సింగులో పట్టా పొందే విధానం ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నది. అక్కడ దానిని యాక్సిలరేటెడ్ బి.ఎస్.ఎన్. అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కనుక ఈ వ్యాసంలో త్వరిత నర్సింగు డిగ్రీ అని వ్యవహరిద్దాము.

అమెరికా చదువుతో మన సరిహద్దు గ్రామాలకు ఏమి పని అని కొందరికి తోచవచ్చు. కోలారు, బళ్ళారి, హోసూరు, బరంపురం చుట్టుపట్ల తెలుగు కుటుంబాలలో ఒక కుర్రవాడు ఇంజనీరుగా అమెరికాలో ఉండటం ఇప్పుడు వింత కాదు. అతని భార్య బి.టెక్. చదివినదో, బి.కాం. చదివినదో అయి ఉంటుంది. ఆమె వీసా మీద ఉద్యోగం చేయరాదు. కనుక అక్కడ ఏమి చదివితే నిలదొక్కుకోవచ్చునా అని వెదికే ఆ ఇల్లాళ్ళకు ఈ చదువు పేరు సుపరిచితం. ఆ మాట ఫోనులో ఊరికి చేరేసరికి రూపం మారుతుంది. "డిగ్రీ ఉంటే చాలునట, ఒక్క ఏడాదిలో నర్సింగు పట్టా ఇస్తారట" అని వినపడుతుంది. ఇంట్లో బి.కాం. ముగించి కూర్చున్న రెండవ కూతురి తండ్రి ఆ ఏడాది చదువు కోసం బెంగళూరులోనో సేలంలోనో విచారించడం మొదలు పెడతాడు. సీట్లు ఇప్పించే దళారులు ఎదురయ్యేది సరిగ్గా అక్కడే. కనుక ఆ చదువు ఏమిటో, ఎవరికి పనికి వస్తుందో, మన దేశంలో అది ఎందుకు లేదో వివరంగా తెలుసుకోవడం అవసరం.

కాలం ఎక్కడ తగ్గుతుంది

అమెరికాలో నాలుగేళ్ళ నర్సింగు డిగ్రీలో మొదటి రెండేళ్ళు ఇంచుమించు సాధారణ విద్యయే. ఇంగ్లీషు రచన, చరిత్ర, మనస్తత్వ శాస్త్రం, గణాంక శాస్త్రం, రసాయన శాస్త్రం వంటివి ఆ కాలంలో ముగుస్తాయి. అసలు నర్సింగు పాఠాలు, ఆసుపత్రి శిక్షణ తరువాతి రెండేళ్ళలో ఉంటాయి. ఇదివరకే డిగ్రీ ఉన్న మనిషి ఆ సాధారణ విద్యను ఒకసారి చదివి ఉన్నది కనుక దానిని మళ్ళీ చదివించరు. మిగిలిన రెండేళ్ళ నర్సింగు భాగాన్ని వేసవి సెలవులు, శీతకాలపు సెలవులు లేకుండా ఏకధాటిగా నడిపి 12 నుంచి 16 నెలలలో పూర్తి చేయిస్తారు.

ఇందులో గమనించవలసినది ఒక్కటే. తగ్గినది సాధారణ విద్య, సెలవులు. రోగి పడక పక్కన గడపవలసిన గంటలు తగ్గవు. నాలుగేళ్ళ విద్యార్థిని ఎన్ని వార్డులు తిరుగుతుందో ఈమె కూడా అన్ని తిరగవలసిందే. త్వరిత డిగ్రీ అంటే సులభ డిగ్రీ అనుకొని చేరినవారు మొదటి రెండు నెలలలోనే వెనుదిరిగే అవకాశం ఎక్కువ.

పూర్వ చరిత్ర

డిగ్రీ ఉన్నవారికి నర్సింగు కాలాన్ని కుదించాలన్న ఆలోచన ఒక శతాబ్దం నాటిది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918 వేసవిలో, న్యూయార్కు రాష్ట్రంలోని వాసర్ మహిళా కళాశాలలో పట్టభద్రులైన యువతులకు ఒక శిక్షణా శిబిరం నడిపారు. నాలుగు వందల మందికి పైగా చేరారు. 12 వారాలపాటు శాస్త్ర విషయాలన్నీ అక్కడే బోధించి, ఆ తరువాత వారిని ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్న నర్సింగు పాఠశాలలకు పంపారు. అప్పట్లో నర్సింగు శిక్షణ మూడేళ్ళు. ఈ శిబిరం నుంచి వచ్చినవారికి దానిని రెండేళ్ళ మూడు నెలల దాకా తగ్గించారు. యుద్ధానికి నర్సులు చాలకపోవడం దీనికి కారణం. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1943లో, ప్రభుత్వమే ఖర్చు భరించి కేడెట్ నర్సు దళాన్ని ఏర్పరచినప్పుడు సాధారణ విద్యార్థినులకు సైతం 36 నెలల శిక్షణను 30 నెలలకు కుదించింది. యుద్ధాలకూ నర్సింగు కాలపరిమితికీ ఇట్టి సంబంధం ఉండటం చిత్రమే.

యేల్ విశ్వవిద్యాలయం 1923లో నర్సింగు పాఠశాలను స్థాపించి, 1934 నుంచి డిగ్రీ ఉన్నవారినే చేర్చుకొనే నియమం పెట్టింది. 1974లో, నర్సింగు ఏమాత్రం చదవని పట్టభద్రులకు మూడేళ్ళలో మాస్టర్స్ పట్టా ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. ఈనాడు మనం చూస్తున్న ఏడాది తరహా చదువులలో, 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం ఆరంభించిన దానిని మొదటిదిగా చెప్పుకుంటారు. 1990 నాటికి దేశం మొత్తం మీద ఇటువంటివి ముప్పై చిల్లర మాత్రమే ఉండేవి. తరువాతి మూడు దశాబ్దాలలో నర్సుల కొరత ముదరడంతో ఆ సంఖ్య రెండు వందల యాభై దాటింది. ఇప్పుడు ఇంచుమించు అన్ని రాష్ట్రాలలోనూ ఏదో ఒక కళాశాల దీనిని నడుపుతున్నది.

ప్రవేశానికి కావలసినవి

డిగ్రీ ఏ విషయంలో ఉన్నా ఫరవాలేదు. చరిత్ర, సంగీతం, ఇంజనీరింగు, వాణిజ్యం ఏదైనా కావచ్చు. అయితే మార్కుల సగటు 4కు 3 ఉండాలని చాలా కళాశాలలు అడుగుతాయి. అంతకంటె ముఖ్యం, ముందుగా చదివి ఉండవలసిన శాస్త్ర విషయాలు: శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాలు (ప్రయోగశాలతో సహా రెండు భాగాలు), సూక్ష్మజీవ శాస్త్రం, రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం, పోషకాహార శాస్త్రం, మానవ వికాసానికి సంబంధించిన మనస్తత్వ శాస్త్రం. కళాశాలను బట్టి ఈ జాబితాలో స్వల్ప భేదాలు ఉంటాయి. బి.టెక్. చేసిన మన అమ్మాయికి వీటిలో రసాయనం, గణాంకాలు తప్ప మిగిలినవి ఉండవు. ఉన్నా, శాస్త్ర విషయాలు చదివి ఐదేళ్ళో ఏడేళ్ళో దాటి ఉంటే చెల్లవని చాలా చోట్ల నియమం. కనుక దగ్గరలోని కమ్యూనిటీ కళాశాలలో వీటిని పూర్తి చేసుకోవడానికి ఒక ఏడాది పడుతుంది. ఇళ్ళలో చెప్పుకునే "ఒక్క ఏడాది" లెక్కలో ఈ ఏడాదిని ఎవరూ కలపరు. నిజానికి మొత్తం రెండేళ్ళు, ఒక్కొక్కసారి రెండున్నరేళ్ళు అని మనసులో పెట్టుకోవాలి.

మన డిగ్రీ సంగతి వేరుగా చెప్పాలి. ఇక్కడి మార్కుల పత్రాలను అక్కడి లెక్కలోకి మార్చే మూల్యాంకన సంస్థలు ఉన్నాయి. నాలుగేళ్ళ బి.టెక్., బి.ఎస్సీ. అగ్రికల్చర్ వంటి వాటికి చిక్కు రాదు. మూడేళ్ళ బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. డిగ్రీలను కొన్ని సంస్థలు పూర్తి డిగ్రీగా అంగీకరిస్తాయి, కొన్ని మూడేళ్ళ చదువుగానే లెక్కిస్తాయి. చదివిన కళాశాలకు న్యాక్ గుర్తింపు ఉన్నదా, ఏ గ్రేడు వచ్చింది అన్నది కూడా కొందరు చూస్తారు. ఎం.కాం., ఎం.ఎస్సీ. కూడా ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. సరిహద్దుకు ఈవల ఒక పద్ధతి, ఆవల ఒక పద్ధతి ఉండటం మన పిల్లలకు అదనపు గందరగోళం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి నాలుగేళ్ళ ఆనర్సు మార్గం వచ్చింది. కర్ణాటకలో 2021లో మొదలుపెట్టిన నాలుగేళ్ళ విధానాన్ని 2024లో మాని మూడేళ్ళకు తిరిగి వచ్చారు. అందుచేత అక్కాచెల్లెళ్ళు ఇద్దరికీ బి.ఎస్సీ. అనే పేరే ఉన్నా, ఒకరి పత్రం చెల్లి మరొకరిది చెల్లకపోవచ్చు. దరఖాస్తు రుసుము కట్టక ముందే, ఏ సంస్థ మూల్యాంకనాన్ని అంగీకరిస్తారో కళాశాలకు వ్రాసి అడగడం మేలు.

ఇంగ్లీషు పరీక్ష సాధారణంగా ఉంటుంది. కొన్ని కళాశాలలు ఆసుపత్రిలో కొంత అనుభవం ఉన్నవారిని ఇష్టపడతాయి. అందుకోసం కొందరు ముందుగా నర్సింగు సహాయకురాలి శిక్షణ పొందుతారు. దానికి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం కనీసం 75 గంటలు చాలు. చదువులో దిగే ముందు ఈ పని తన మనసుకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి అదొక చక్కని మార్గం. మలమూత్రాలు ఎత్తడం, వృద్ధులను ఒత్తిగిలించడం, స్నానం చేయించడం అందులో భాగాలు. మన ఇళ్ళలో అత్తమామలకు మంచం పట్టినప్పుడు సేవ చేసిన కోడళ్ళకు ఇది కొత్త కాదు గాని, డిగ్రీ చదివిన పిల్ల ఇటువంటి పని చేయడమేమిటని నొచ్చుకునే పెద్దలు ఇంకా ఉన్నారు.

చదువు సాగే తీరు

వారంలో రెండు మూడు రోజులు పాఠాలు, రెండు రోజులు ఆసుపత్రి. ఆసుపత్రి విధి ఉదయం ఏడింటికి మొదలై 8 గంటలో 12 గంటలో సాగుతుంది. పెద్దల వైద్యం, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశు వైద్యం, మానసిక వైద్యం, సామాజిక ఆరోగ్యం అన్ని విభాగాలలోనూ తిప్పుతారు. ఆసుపత్రులలో చోటు చాలని చోట మనిషి ఆకారపు యంత్రపు బొమ్మల మీద కొంత శిక్షణ ఇస్తారు. ఆసుపత్రి శిక్షణలో సగం వరకు ఈ విధంగా జరిపినా ఫలితంలో తేడా రాదని 2014లో అక్కడి నర్సింగు మండలుల జాతీయ సమాఖ్య ప్రకటించిన అధ్యయనం తేల్చింది.

మందు మోతాదు లెక్కలకు ప్రత్యేక పరీక్ష ఉంటుంది. నూటికి తొంభై, కొన్ని చోట్ల నూటికి నూరు రానిదే వార్డులో మందు ముట్టనివ్వరు. మామూలు విషయాలలో కూడా ఉత్తీర్ణతకు 75 శాతం ప్రాంతంలో కావాలి. మన 35 మార్కుల అలవాటు ఇక్కడ చెల్లదు. ఒక విషయం తప్పితే తరువాతి జట్టు వచ్చేవరకు ఆగవలసిందే. రెండు తప్పితే పంపివేసే కళాశాలలు అనేకం. ఈ కాలంలో ఉద్యోగం చేయవద్దని కళాశాలలే ముందుగా హెచ్చరిస్తాయి. పసిపిల్లల తల్లి అయితే ఇంట్లో మరొక మనిషి తోడు ఉండి తీరాలి. మన వైపు నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు ఆరు నెలల సందర్శకుల వీసా మీద వంతుల వారీగా వెళ్ళి ఈ చదువులను గట్టెక్కించే ఇళ్ళు లేకపోలేదు. ఆ ఖర్చును, ఊళ్ళో వారు లేని లోటును కూడా చదువు ఖర్చులోనే లెక్క వేయాలి.

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన నర్సు కాదు. ఎన్‌క్లెక్స్ ఆర్.ఎన్. అనే లైసెన్సు పరీక్ష వ్రాయాలి. కంప్యూటరు మీద జరిగే ఆ పరీక్షలో ముందు జవాబును బట్టి తరువాతి ప్రశ్న కఠినమో సులభమో అవుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పద్ధతిలో తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, గడువు 5 గంటలు. దాని తరువాత ఆయా రాష్ట్రపు నర్సింగు మండలి లైసెన్సు ఇస్తుంది. అన్ని మార్గాలలో చదివినవారికీ పరీక్ష ఇదే. ఈ సంగతి చాలామందికి తెలియదు. కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్ళ అసోసియేట్ పట్టా చేసినవారు వ్రాసేదీ ఇదే పరీక్ష, పొందేదీ ఇదే లైసెన్సు. ఆ కళాశాలల రుసుము చాలా తక్కువ. పెద్ద ఆసుపత్రులు డిగ్రీ ఉన్నవారికి మొగ్గు చూపుతాయన్న మాట నిజమే, కాని ఉద్యోగంలో చేరిన తరువాత ఆ లోటును ఇంటి నుంచే పూర్తి చేసుకోవచ్చు. చిన్నపిల్లలున్న తల్లికి, అప్పు చేయలేని కుటుంబానికి, త్వరిత డిగ్రీ కంటె ఈ రెండేళ్ళ మార్గమే నయమని నా అభిప్రాయం.

దొంగ పట్టాల వ్యవహారం

తొందర ఉన్న చోట మోసం ఉంటుంది. 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థలు ‘ఆపరేషన్ నైటింగేల్’ అన్న పేరుతో ఒక పెద్ద కుంభకోణాన్ని బయటపెట్టాయి. ఫ్లోరిడా రాష్ట్రంలోని మూడు నర్సింగు విద్యాసంస్థల నుంచి 7,600కు పైగా బూటకపు పట్టాలు, మార్కుల పత్రాలు అమ్ముడుపోయినట్లు తేలింది. మొదటి విడతలో 25 మంది మీద అభియోగాలు మోపారు. కొన్నవారు వేలకొలది డాలర్లు చెల్లించారు. ఒక్క రోజు కూడా వార్డులో శిక్షణ పొందని వారిలో సుమారు మూడవ వంతు లైసెన్సు పరీక్షలో నెగ్గడం మరీ ఆందోళన కలిగించిన విషయం. ఆ తరువాత అనేక రాష్ట్రాల మండలులు అటువంటి వారి లైసెన్సులను రద్దు చేశాయి.

కనుక కళాశాలకు రెండు గుర్తింపులు ఉన్నవో లేవో చూడాలి. మొదటిది ఆ రాష్ట్ర నర్సింగు మండలి అనుమతి. రెండవది సి.సి.ఎన్.ఇ. లేదా ఏ.సి.ఇ.ఎన్. అనే జాతీయ సంస్థలలో ఒకదాని గుర్తింపు. పూర్తిగా ఆన్‌లైను నర్సింగు డిగ్రీ అని ప్రకటించేవారి మాట నమ్మరాదు. పాఠాలు కంప్యూటరులో విని, ఆసుపత్రి శిక్షణకు స్వయంగా హాజరయ్యే మిశ్రమ పద్ధతి మాత్రం నిజమైనదే, దానిని మంచి విశ్వవిద్యాలయాలు కూడా నడుపుతున్నవి.

ఖర్చు, వీసా

అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నెలలో అక్కడి రిజిస్టర్డు నర్సుల మధ్యస్థ వార్షిక జీతం 93,600 డాలర్లు, అనగా సగం మందికి అంతకంటె ఎక్కువ, సగం మందికి తక్కువ. ఈ అంకె వినగానే పొలం అమ్మి అయినా పిల్లను పంపుదామనిపించడం సహజం. అందుచేత రెండవ వైపు లెక్క విప్పి చెప్పవలసి ఉన్నది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో ఈ ఏడాది చదువు రుసుము అరవై, డెబ్బై వేల డాలర్లకు చేరడం సాధారణం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో, ఆ రాష్ట్ర నివాసిగా లెక్కకు వస్తే, చాలా తగ్గుతుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి అక్కడి కేంద్ర ప్రభుత్వ విద్యార్థి రుణాలు, సహాయాలు అందవు.

గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు చిక్కేమీ లేదు. ఈ చదువు వారికి నిజంగా అనుకూలమైనది. ఉద్యోగస్థుని భార్యగా హెచ్-4 వీసా మీద ఉన్నవారు చదువుకోవచ్చు, దానికి వేరే వీసా అవసరం లేదు. అనేక రాష్ట్రాలలో నివాసి రుసుము కూడా వర్తిస్తుంది. అయితే చదవడం వేరు, పని చేయడం వేరు. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 అనే దశ ఆమోదం పొందితే, 2015 మే నుంచి అమలులో ఉన్న నిబంధన కింద భార్యకు పని అనుమతి పత్రం దొరుకుతుంది. భర్త హెచ్-1బి ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు మీద ఉన్నా దరఖాస్తు చేయవచ్చు. ఈ దశ రాకముందే చదువు ముగిస్తే, లైసెన్సు పరీక్ష నెగ్గి కూడా ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. పైగా కొన్ని రాష్ట్రాల మండలులు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య అడుగుతాయి, పని అనుమతి లేనివారికి అది సులభంగా రాదు. కాబట్టి ఐ-140 ఎప్పుడు వస్తుందో భర్తను అడిగి, దానికి తగినట్లు చదువు ఆరంభించడం తెలివైన పని. సంబంధం కుదుర్చుకునేటప్పుడు "అమ్మాయి అక్కడికి వచ్చాక నర్సింగు చదువుకోవచ్చు" అని వరుని వైపు వారు చెప్పే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. ఆ దశ ఎంతవరకు వచ్చిందో మాత్రం పెళ్ళికి ముందే అడగడంలో తప్పు లేదు.

ఇక్కడి నుంచి విద్యార్థిగా ఎఫ్-1 వీసా మీద నేరుగా వెళ్ళాలనుకునేవారి స్థితి అన్నిటికంటె కష్టం. ఆ వీసా మీద ఒక విద్యా భాగంలో ఒక్క ఆన్‌లైను విషయం మాత్రమే పూర్తికాలపు చదువు లెక్కలోకి వస్తుంది. కనుక మిశ్రమ పద్ధతి కళాశాలలు వీరికి పనికిరావు. చదువు ముగిశాక 12 నెలల పని అనుమతి ఉంటుంది. ఇంజనీరింగు వారికి లభించే మరో 24 నెలల పొడిగింపు నర్సింగుకు లేదు. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్-1బి దొరకడం అరుదు, ఎందుకంటే డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగంగా దానిని అక్కడి అధికారులు సాధారణంగా పరిగణించరు. మిగిలినది ఆసుపత్రి ద్వారా గ్రీన్ కార్డు. నర్సుల కొరతను ప్రభుత్వమే అంగీకరించినందున అందులో ఒక మెట్టు తగ్గుతుంది గాని, భారతదేశంలో పుట్టినవారి వరుస పదేళ్ళకు మించి ఉన్నది. అనగా అరవై డెబ్బై లక్షల అప్పు తీర్చడానికి చేతిలో ఉండేది నిశ్చయంగా ఒక్క ఏడాది. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ లెక్కను కాగితం మీద వేసి చూసుకోవాలి. ఇక్కడే నాలుగేళ్ళ నర్సింగు చదివి, అనుభవం సంపాదించి, ఎన్‌క్లెక్స్ పరీక్షను బెంగళూరులోనో చెన్నైలోనో హైదరాబాదులోనో వ్రాసి ఆ వరుసలో నిలబడేవారికి వచ్చేదీ అదే గ్రీన్ కార్డు. వారి నెత్తిన అప్పు మాత్రం ఉండదు.

మన దేశంలో

ఇంగ్లండులో కూడా డిగ్రీ ఉన్నవారికి రెండేళ్ళ నర్సింగు మార్గం ఉన్నది. ఆస్ట్రేలియాలో రెండేళ్ళ మాస్టర్స్ రూపంలో ఉన్నది. భారతదేశంలో మాత్రం ఇప్పటి నిబంధనల ప్రకారం పూర్వపు డిగ్రీకి నర్సింగు కాలపరిమితిలో ఏ తగ్గింపూ లేదు. బి.కాం. చదివినా, ఎం.ఎస్సీ. చదివినా, ఇంటర్మీడియట్ ముగించిన పదిహేడేళ్ళ పిల్లతో కలిసి మొదటి సంవత్సరం నుంచి కూర్చోవలసిందే.

1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగు మండలి నియమాల ప్రకారం బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. ఇంటర్‌లో, కర్ణాటకలోనైతే పి.యు.సి.లో, భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలలో కలిపి 45 శాతం, ఇంగ్లీషులో ఉత్తీర్ణత ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 40 శాతం. వయస్సు 17 మొదలు 35 లోపల. కామర్సు పిల్ల దీనికి అనర్హురాలు, ఆమె చేతిలో ఎన్ని డిగ్రీలు ఉన్నా సరే. ఆమెకు ఉన్న దారి జి.ఎన్.ఎం. డిప్లొమా. ఏ గ్రూపు చదివినా, ఇంగ్లీషుతో 40 శాతం మార్కులతో ఇంటర్ నెగ్గితే అందులో చేరవచ్చు. కాలం మూడేళ్ళు. (పూర్వం మూడున్నరేళ్ళు ఉండేది.) జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టాన్ని 1947 చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు ఆమోదించింది. కొత్త కమిషను రాకతో పాఠ్యక్రమాలు మారవచ్చునేమో గాని, మారినట్లు ప్రకటన వెలువడే వరకు పాత లెక్కే లెక్క.

దళారులు చూపించే "రెండేళ్ళ నర్సింగు డిగ్రీ" ఒకటి ఉన్నది. దాని పేరు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగు. ఆ చదువు నిజమైనదే, ప్రభుత్వ కళాశాలలలో కూడా ఉన్నది. కాని అది జి.ఎన్.ఎం. పూర్తి చేసి, మండలిలో నర్సుగా నమోదైనవారికి మాత్రమే. బి.ఏ., బి.కాం. వారికి అందులో ప్రవేశం లేదు. డబ్బు తీసుకొని చేర్చుకున్నా, రేపు ఆ పట్టాతో ఏ మండలీ నమోదు చేయదు. ఏడాది చదువులుగా ప్రచారమయ్యే అత్యవసర వైద్య నర్సింగు వంటి పోస్ట్ బేసిక్ డిప్లొమాలు కూడా ఇదే కోవకు చెందినవి. ఆరు నెలల రోగి సహాయకుల శిక్షణలు నర్సు పట్టాలు కావు. అవి చేసినవారు ఆసుపత్రిలో పని పొందవచ్చు, నర్సుగా నమోదు కాలేరు. తెల్ల దుస్తులు వేయించి ఫోటోలు తీసి కరపత్రాలలో అచ్చువేసినంతలో ఈ తేడా చెరిగిపోదు.

మన దేశంలో నర్సింగు డిగ్రీ మొదలైనది మన సరిహద్దులోనే అని చెప్పవచ్చు. 1946లో ఢిల్లీలో ఒకటి, రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఒకటి, బి.ఎస్సీ. నర్సింగు చదువులు ఆరంభమైనవి. చిత్తూరు జిల్లా రోగులు తరతరాలుగా పోతున్న ఆసుపత్రి అది. అప్పుడూ ఆ చదువు నాలుగేళ్ళే.

కాబట్టి మన పట్టభద్రుల ముందున్న లెక్క ఇది. జీవశాస్త్రం చదివిన పిల్లకు నాలుగేళ్ళలో డిగ్రీ. కామర్సు, ఆర్ట్సు పిల్లకు మూడేళ్ళలో డిప్లొమా, కావాలంటే ఇంకొక రెండేళ్ళలో డిగ్రీ. 35 ఏళ్ళ వయో పరిమితి ఉన్నది కనుక పెళ్ళయి పిల్లలు పుట్టిన తరువాత చదువుదామనుకునేవారు సంవత్సరాలు లెక్క చూసుకోవాలి.

సరిహద్దు కుటుంబాలకు ప్రవేశ సమయంలో మరొక పేచీ ఉంటుంది. ఊరు ఒక రాష్ట్రం, బడి మరొక రాష్ట్రం. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటుకు సామాన్యంగా ఒకటి నుంచి పన్నెండు తరగతుల మధ్య ఏడేళ్ళు ఆ రాష్ట్రంలో చదివినట్లు చూపాలి. యానాం పిల్లలకు పుదుచ్చేరి ప్రభుత్వ ప్రవేశాలలో ప్రాంతీయ కోటా ఉన్నది, అక్కడివారు కాకినాడలో ప్రైవేటు సీటు కొనక ముందు దానిని విచారించడం మంచిది. కళాశాల ఎంచుకునేటప్పుడు రాష్ట్ర నర్సింగు మండలి జాబితాలోనూ భారత నర్సింగు మండలి జాబితాలోనూ ఆ పేరు, ఆ సంవత్సరానికి, ఉన్నదో లేదో చూడాలి. రెండూ ఆయా సంస్థల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. పోయిన ఏడాది జాబితాలో ఉంటే చాలదు.

చదువు ముగిశాక నమోదు చదివిన రాష్ట్రపు మండలిలోనే జరుగుతుంది. కోలారులో చదివిన అమ్మాయి పలమనేరు ఆసుపత్రిలో చేరాలంటే కర్ణాటక మండలి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని ఆంధ్రప్రదేశ్ మండలిలో తిరిగి నమోదు కావాలి. దీనికి కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఉద్యోగ ప్రకటన వెలువడిన తరువాత పరుగెత్తడం కంటె, అసలు పత్రాలు చేతికి అందిన వెంటనే ఈ దరఖాస్తు పెట్టుకోవాలి. అమెరికాలో త్వరిత డిగ్రీ చదివి స్వదేశానికి తిరిగి వచ్చి ఇక్కడ నర్సుగా పని చేయదలచినవారు కూడా తమ విదేశీ పట్టాకు జాతీయ స్థాయిలో అంగీకారం పొందిన తరువాతనే రాష్ట్ర మండలిని ఆశ్రయించవలసి ఉంటుంది. అందుకు అక్కడి కళాశాల ముద్రతో పాఠ్యక్రమం, ఆసుపత్రి శిక్షణ గంటల వివరాలు అడుగుతారు గనుక, వాటిని అక్కడ ఉన్నప్పుడే తీసుకొని దాచుకోవాలి.